రుజువు ఎవరి పక్షం?
మదనపల్లె టీకా నుంచి కృష్ణపట్నం మందు దాకా

2020, 2021 సంవత్సరాల్లో కరోనా మందుల మీద తెలుగునాట జరిగిన వాదోపవాదాలను ఇప్పుడు తిరిగి పరిశీలిస్తే, అవన్నీ ఒకే గాడిలో నడిచినట్టు కనిపిస్తుంది. ఒకవైపు నాటుమందు, మరోవైపు ఇంగ్లీషు మందు. ఒకవైపు సంప్రదాయం, మరోవైపు సైన్సు. టెలివిజన్ వాళ్లు ఈ రెంటినీ ఎదురెదురు కుర్చీల్లో కూర్చోబెట్టి రాత్రుళ్లు పోట్లాడించారు. మన అభ్యుదయ రచయితలు కూడా ఈ గాడిలోంచి పెద్దగా బయటపడలేదు. కొందరు మిత్రులు నాటుమందు కోసం పరిగెత్తిన జనాన్ని మూఢులన్నారు. మరికొందరు అది ప్రజల విజ్ఞానమనీ, దాన్ని కార్పొరేట్ శక్తులు తొక్కేస్తున్నాయనీ అన్నారు. వాదన వేడిగా సాగింది గాని, అసలు ప్రశ్న ఎక్కడో దారి తప్పింది.

ఆ ప్రశ్న చాలా చిన్నది. ఈ మందు పనిచేస్తుందని మనకెలా తెలుసు? ఆ తెలుసుకోవడమన్నది ఎవరి చేతుల్లో ఉంది?

నేను మదనపల్లె వాణ్ణి. నా బంధువర్గం పుంగనూరులోనూ కుప్పంలోనూ ఉంది. ఆ రెండేళ్లు ఈ మూడు ఊళ్ల మధ్యనే తిరిగాను. ఈ ప్రశ్నను ఢిల్లీ నుంచో హైదరాబాదు నుంచో కాకుండా మా ఊళ్ల మీదుగా అడగడానికి ఒక కారణం ఉంది. రుజువు కాని వైద్యం మీద దేశమంతటా పెద్ద రగడ రేగిన మరొక సందర్భంలో, ఆ రుజువేదో వెతకడానికి పూనుకున్న చోటు మా మదనపల్లె. ఆ కథ మన సాహిత్య చరిత్రల్లోకి ఎక్కలేదు. వైద్యుల పత్రికల్లోనే ఉండిపోయింది. దాన్ని బయటికి తీసి 2021 పక్కన పెట్టి చూడడమే ఈ వ్యాసం ఉద్దేశం.

1

ముందు 2021 మే నెల సంగతి చెప్పుకోవాలి. ఆ నెలలోని మూడు తేదీలను వరసగా చదివితే చాలా విషయాలు వాటంతట అవే తేలిపోతాయి.

మే 10 రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ ఒత్తిడి పడిపోయింది. ట్యాంకరు రావడం ఆలస్యమైంది. 11 మంది రోగులు చనిపోయారని అధికారులే ప్రకటించారు. రుయా మా జిల్లా జనానికి ఆఖరి దిక్కు. మదనపల్లెలో కాకపోతే తిరుపతి, అక్కడ కాకపోతే వేలూరు, బెంగుళూరు. ఆ ఆఖరి దిక్కులో, ఎవరూ ప్రత్యేకంగా రుజువు చెయ్యనవసరంలేని మందు, అంటే ఊపిరి, అందకుండా పోయింది.

మే 21న, అంటే సరిగ్గా 11 రోజుల తర్వాత, నెల్లూరు జిల్లా ముత్తుకూరు మండలం కృష్ణపట్నంలో బొనిగి ఆనందయ్య ఇస్తున్న మందు కోసం వేలాది మంది ఎగబడ్డారు. అంబులెన్సుల్లో వచ్చినవాళ్లున్నారు. ముక్కుకు గొట్టం పెట్టుకుని వచ్చినవాళ్లున్నారు. పుంగనూరు నుంచి రెండొందల కిలోమీటర్లు దాటి కారు మాట్లాడుకుని వెళ్లినవాళ్లను నేనెరుగుదును. ఆ రద్దీ చూసి ప్రభుత్వం పంపిణీ ఆపించింది. ఆ మందు మీద అధ్యయనం జరిపిస్తామన్నది.

మే 31న రాష్ట్ర ప్రభుత్వం, కేంద్ర ఆయుర్వేద పరిశోధన మండలి నివేదికను చూపి, నోటితో తీసుకునే మందుల్లో కొన్నింటికి అనుమతి ఇచ్చింది. కంట్లో వేసే చుక్కలకు ఇవ్వలేదు. ఇది వాడితే కరోనా తగ్గుతుందనడానికి నిర్ధారణ లేదని చెప్పింది. హాని మాత్రం లేదన్నది. డాక్టర్లు ఇచ్చిన మందులు మానవద్దని హెచ్చరించింది. అదే రోజు ముఖ్యమంత్రి 14 కొత్త ప్రభుత్వ వైద్య కళాశాలలకు ఒకేసారి శంకుస్థాపన చేశారు. వాటిలో మదనపల్లె కళాశాల ఒకటి.

ఒకే రోజున మాకు రెండు దొరికాయి. ఒకటి, పనిచేస్తుందో లేదో తెలియదు గాని తీసుకోవచ్చునన్న మందు. రెండు, ఎప్పుడు తెరుస్తారో తెలియని ఆసుపత్రికి పునాదిరాయి. 2025లో ఈ కొత్త కళాశాలల్లో కొన్నింటిని ప్రైవేటు భాగస్వామ్యానికి అప్పగించాలని తర్వాతి ప్రభుత్వం నిర్ణయించింది. మదనపల్లె పేరు ఆ జాబితాలోనూ ఉంది.

ఈ తేదీలను చూశాక కూడా కృష్ణపట్నం వెళ్లిన జనాన్ని మూఢులని తేల్చిపారెయ్యడం న్యాయం కాదు. ఆసుపత్రిలో మంచం లేదు. మంచం దొరికితే ఆక్సిజన్ లేదు. అక్కడ ఒక మనిషి పైసా తీసుకోకుండా మందు ఇస్తున్నాడు, పేరు పెట్టి పలకరిస్తున్నాడు, ధైర్యం చెబుతున్నాడు. జనం వెళ్లింది మందు కోసమే అయినా, వాళ్లను నడిపించింది మాత్రం ఈ వ్యవస్థ చేసిన ఖాళీ. దీన్ని గుర్తించని హేతువాదం సగం హేతువాదమే.

అయితే, ఖాళీని గుర్తించడం వేరు. ఆ ఖాళీలోకి వచ్చిన ప్రతిదాన్నీ మందు అనడం వేరు. ఈ రెంటినీ కలిపేసిన మిత్రులతోనూ నాకు పేచీ ఉంది. దాని గురించి తర్వాత చెబుతాను.

2

కృష్ణపట్నంలో ఒక వరస నిలబడిందని అందరికీ తెలుసు. కెమెరాలు దాన్నే చూపించాయి. అదే నెలలో ఇంకొక వరస కూడా ఉంది. అది మందుల దుకాణాల ముందు, ఆసుపత్రుల కౌంటర్ల ముందు, ఫోన్లలో, దళారుల ఇళ్ల దగ్గర నిలబడింది. అది రెమ్‌డెసివిర్ వరస. దాన్ని మాత్రం ఎవరూ మూఢనమ్మకం అనలేదు.

మా బంధువుల్లో ఒకాయన బెంగుళూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరాడు. అక్కడి డాక్టరు ఆరు సీసాలు తెమ్మని చీటీ రాసి ఇచ్చాడు. ఆసుపత్రిలో లేవు, బయట తెచ్చుకోవాలి. ఆయన కొడుకు పుంగనూరు దగ్గర పల్లెలో ఉన్న రెండు పాడి ఆవుల్ని అమ్మి, సీసా మీద అచ్చేసిన ధరకు ఎన్నో రెట్లు పెట్టి నాలుగు సీసాలు సంపాదించాడు. మిగిలిన రెండూ దొరకలేదని ఆ ఇంట్లో ఇప్పటికీ ఒక అపరాధ భావం ఉంది. ఆ రెండు సీసాలుంటే మనిషి బతికేవాడని వాళ్లు నమ్ముతారు.

ఆ నమ్మకానికి ఆధారమేమిటి? రెమ్‌డెసివిర్‌కు మన దేశంలో 2020 జూన్‌లో అత్యవసర అనుమతి వచ్చింది. హైదరాబాదు కంపెనీ హెటిరో తన సీసాకు 5,400 రూపాయల ధర ప్రకటించింది. అదే సంవత్సరం అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన సాలిడారిటీ పరీక్ష ఫలితాలు వెల్లడించింది. 30 దేశాల్లో 405 ఆసుపత్రుల్లో 11,330 మంది రోగుల మీద జరిగిన పరీక్ష అది. హైడ్రాక్సీక్లోరోక్విన్, రెమ్‌డెసివిర్‌తో సహా అందులో పరీక్షించిన మందులేవీ ఆసుపత్రిలో చేరినవాళ్ల మరణాలను చెప్పుకోదగ్గంతగా తగ్గించలేదని తేలింది. నవంబరు 20న ఆ సంస్థ ఆసుపత్రి రోగులకు రెమ్‌డెసివిర్ వాడవద్దని సిఫారసు చేసింది. 2022లో మరిన్ని లెక్కలు వచ్చాక ఆ సిఫారసును సవరించి, కొన్ని రకాల రోగులకు కొంత మేలు ఉండవచ్చునన్నది. కొంత మేలు, కొందరికి. దానికోసం ఆవుల్ని అమ్ముకోవలసినంత మేలు కాదు. 2021 ఏప్రిల్, మే నెలల్లో మన ఆసుపత్రులు ఆ చీటీలు రాసేటప్పటికి, నవంబరు నాటి సిఫారసు అయిదారు నెలలుగా అందరి కళ్లముందూ ఉంది.

రెమ్‌డెసివిర్ ఒక్కటే కాదు. ఐ.సి.ఎం.ఆర్. 2020 మార్చిలోనే హైడ్రాక్సీక్లోరోక్విన్‌ను వైద్య సిబ్బందికి ముందుజాగ్రత్తగా వాడమన్నది. అది రోగుల మరణాలను తగ్గించదని బ్రిటన్‌లోని రికవరీ పరీక్ష 2020 జూన్ 5న ప్రకటించింది. అయినా మన జాబితాల్లో అది 2021 దాకా కొనసాగింది. దాన్నీ ఐవర్‌మెక్టిన్‌నూ ఐ.సి.ఎం.ఆర్. తొలగించింది 2021 సెప్టెంబరులో. ఇక ప్లాస్మా సంగతి. సినిమా తారలు, పోలీసు అధికారులు కలిసి ప్లాస్మా దానం కోసం ప్రచారం చేశారు. మన ఐ.సి.ఎం.ఆర్. 39 ఆసుపత్రుల్లో 464 మంది మీద పరీక్ష చేసి, దానివల్ల లాభం లేదని 2020లోనే తేల్చింది. జాబితాలోంచి తీసింది మాత్రం 2021 మే 17న. ఈ మధ్యకాలంలో ఎన్ని కుటుంబాలు ప్లాస్మా కోసం అర్ధరాత్రులు ఫోన్లు చేశాయో లెక్క లేదు.

అంటే పేదవాడి రుజువుకాని మందుకు పేరు మూఢత్వం. డబ్బున్నవాడి రుజువుకాని మందుకు పేరు ప్రోటోకాల్. ఈ రెండు పేర్ల మధ్య ఉన్నది వర్గభేదమే గాని, సైన్సు కాదు.

కుప్పంలో ఈ విషయం ఇంకా స్పష్టంగా కనిపించింది. కుప్పం మూడు రాష్ట్రాల కూడలి. రోజూ రైలెక్కి బెంగుళూరు పనికి పోయే జనం, తమిళనాడు వైపు సంబంధాలున్న జనం అక్కడ కలిసి ఉంటారు. 2020లో తమిళనాడు ప్రభుత్వం కబసుర కుడినీర్ కషాయం పంచింది. ఆ పొడి పొట్లాలు కుప్పం ఇళ్లలోకి వచ్చాయి. కర్ణాటక వైపు డాక్టర్లు రాసిన మాత్రల చీటీలు సెల్‌ఫోన్లలో చేతులు మారాయి. 2021లో నెల్లూరు మందు మాట వచ్చింది. సరిహద్దు దాటితే మందు మారిపోయింది. రోగం మాత్రం ఒకటే, మనుషుల ఊపిరితిత్తులూ ఒకటే. ఏ ప్రభుత్వం చెబితే అది మందు అయిపోయే చోట, ఇది పనిచేస్తుందా అన్న మాట ఎవరి నోటా రాలేదు. ఎవరిది పనిచేస్తుంది అన్నదే మిగిలింది.

3

ఇక అసలు చరిత్రలోకి వద్దాం.

మా ప్రాంతానికి అంటురోగాలు కొత్త కాదు. పుంగనూరులో సుగుటూరు గంగమ్మ, కుప్పంలో తిరుపతి గంగమ్మ. జాతరలు ఇప్పటికీ ఘనంగా జరుగుతాయి. మశూచి వచ్చిన ఇంట వేపాకు కట్టిన జనమే, టీకాలవాడు వచ్చినప్పుడు తిట్టుకుంటూనో భయపడుతూనో చెయ్యి చాపారు. 1975లో మన దేశంలో మశూచి ఆఖరి కేసు నమోదైంది. గంగమ్మ జాతర ఆగలేదు, మశూచి ఆగిపోయింది. జనం తమ బతుకులో దేవతనూ టీకానూ పక్కపక్కన పెట్టుకోగలరు. పోట్లాట పెట్టేది మనలాంటి చదువుకున్నవాళ్లం.

మశూచికన్నా మొండిది క్షయ. మదనపల్లెలో 1912లో క్రైస్తవ మిషన్లు కలిసి క్షయ శానిటోరియం మొదలుపెట్టాయి. 1915లో అది ఊరి బయట ఆరోగ్యవరంలో స్థిరపడింది. డెన్మార్క్ దేశపు డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దాని సారథి. ఆ రోజుల్లో క్షయకు మందు లేదు. మంచి గాలి, పాలు, గుడ్లు, విశ్రాంతి, మరీ అవసరమైతే ఊపిరితిత్తిని ముడిచే శస్త్రచికిత్స. అంటే మంచి గాలికీ పాలకూ తీరిక ఉన్నవాడికే వైద్యం. రాళ్లు కొట్టేవాడికీ, మగ్గం నేసేవాడికీ క్షయ అంటే చావే.

అటువంటి స్థితిలో బి.సి.జి. టీకా వచ్చింది. క్షయ క్రిమిని బలహీనపరిచి తయారుచేసిన టీకా అది. మన దేశంలో దాని తొలి ప్రయోగాత్మక కార్యక్రమం 1948 ఆగస్టులో మదనపల్లెలో మొదలైంది. మద్రాసు గిండీలో టీకా తయారీ ప్రయోగశాల పెట్టారు. స్కాండినేవియా దేశాల సహాయ సంస్థలు, యూనిసెఫ్ తోడయ్యాయి. 1951 నాటికి అది దేశవ్యాప్త కార్యక్రమమైంది. కొత్తగా స్వాతంత్ర్యం వచ్చిన దేశం, కోట్ల మంది పిల్లలు, చవకైన టీకా. కేంద్ర ఆరోగ్యమంత్రి రాజకుమారి అమృత్ కౌర్ దానికి గట్టి అండ.

వ్యతిరేకత కూడా అప్పుడే పుట్టింది. మద్రాసులో ఎ.వి. రామన్ అనే ఇంజనీరు 1940ల చివర్లోనే దానిమీద రాతలతో యుద్ధం ప్రకటించాడు. 1955లో, ముఖ్యమంత్రి పదవి వదిలిన మరుసటేడు, రాజగోపాలాచారి స్వయంగా రంగంలోకి దిగాడు. టీకాను తానెందుకు వ్యతిరేకిస్తున్నాడో చెబుతూ ఇంగ్లీషులో పుస్తకమే వేశాడు. ఆరోగ్యంగా ఉన్న పిల్లల ఒంట్లోకి బతికున్న క్రిములను ఎక్కించడమేమిటని అడిగాడు. ఫలితం రుజువు కాని దాన్ని దేశమంతటా రుద్దడమేమిటని అడిగాడు. దానితో మద్రాసు రాష్ట్రంలో కార్యక్రమం బాగా దెబ్బతిన్నది.

రాజాజీ రాజకీయాలు మనకు తెలిసినవే. కుల వృత్తి చదువు పథకం తెచ్చిన మనిషి అడిగిన ప్రశ్నను అభ్యుదయవాదులు అనుమానంతో చూడడం సహజం. అయితే ఆయన ఉద్దేశాలు ఏవైనా, రుజువు ఏదని అడగడంలో తప్పు లేదు. ప్రభుత్వం దగ్గర అప్పటికి ఉన్న రుజువులు ఎక్కువగా ఇతర దేశాలవి. మన దేశంలో, మన పల్లెల్లో టీకా ఎంతవరకు పనిచేస్తుందో ఢిల్లీలో ఎవరికీ తెలియదు. టీకా శుద్ధమైన సైన్సు అని ప్రభుత్వమన్నది. విషమని రాజాజీ అన్నాడు. ఇద్దరి దగ్గరా మన లెక్క లేదు.

ఆ లెక్క కోసం మదనపల్లె చుట్టుపక్కల పల్లెల్లో 1950 నుంచే పని జరుగుతూ ఉంది.

ఆరోగ్యవరం వైద్యులు ఊరూరా తిరిగి జనాన్ని నమోదు చేశారు. చేతిమీద పరీక్ష చేసి, అప్పటికింకా క్షయ క్రిమి సోకనివాళ్లను వేరుచేశారు. వాళ్లలో ఒకరికి టీకా వేసి, మరొకరికి వెయ్యకుండా వరస పెట్టారు. టీకా వేసినవాళ్లు 5,069 మంది. వెయ్యనివాళ్లు 5,808 మంది. ఆ తర్వాత ఏళ్ల తరబడి అవే ఊళ్లకు మళ్లీ మళ్లీ వెళ్లి ఎవరికి క్షయ వచ్చిందో చూశారు. డాక్టర్లు మారారు, రాష్ట్రం మారింది. 1953లో మదనపల్లె మద్రాసు రాష్ట్రం నుంచి ఆంధ్ర రాష్ట్రంలోకి వచ్చింది. పని ఆగలేదు. నాలుగో నివేదిక 1973లో వచ్చింది.

ఏం తేలింది? టీకా వేసినవాళ్లలో 33 మందికి క్షయ వచ్చింది. వెయ్యనివాళ్లలో 47 మందికి వచ్చింది. లెక్క కడితే వెయ్యిమందికి ఆరున్నర ఒకవైపు, ఎనిమిది ఒకవైపు. అంటే అయిదో వంతు తగ్గుదల. అది కూడా యాదృచ్ఛికమేమో అని శంకించదగినంత చిన్న తేడా. రాజాజీ చెప్పిన విషమూ కాదు, ఢిల్లీ చెప్పిన అమృతమూ కాదు.

అంతటితో ఆగలేదు. ఈ చిన్న లెక్క చాలదని 1968లో మద్రాసు పక్కన చెంగల్పట్టు జిల్లాలో ఇంకా పెద్ద పరీక్ష మొదలుపెట్టారు. మొదటి ఫలితాలు 1979, 80ల్లో వచ్చాయి. టీకా వేసిన 88,391 మందిలో 505 మందికి క్షయ. వెయ్యని 88,391 మందిలో 499 మందికి క్షయ. పెద్దవాళ్ల ఊపిరితిత్తుల క్షయను ఆ టీకా ఆపలేదని మన దేశమే, మన సంస్థే, తనకు ఇబ్బంది కలిగించే ఫలితాన్ని లోకానికి చెప్పింది. పసిపిల్లల్లో మెదడు పొరలకు వచ్చే క్షయ వంటి ప్రమాదకరమైన రకాలను అది తగ్గిస్తుందని వేరే లెక్కలు చూపాయి. అందుకే ఈనాటికీ పుట్టిన బిడ్డకు ఆ టీకా వేస్తున్నారు. ఏది పనిచేస్తుందో, ఎక్కడ పనిచేస్తుందో, ఎక్కడ పనిచెయ్యదో మనకు విడివిడిగా తెలిసింది. తిట్లతో తెలియలేదు, లెక్కతో తెలిసింది.

ఈ కథలో ఒక మచ్చ ఉంది, దాన్ని దాచకూడదు. 1950లో మా పల్లెల జనాన్ని, ఈనాడు అడగవలసిన పద్ధతిలో, పూర్తిగా వివరించి సమ్మతి అడిగే నియమాలు లేవు. వాళ్ల పేర్లు ఏ నివేదికలోనూ లేవు. ప్రపంచ వైద్య శాస్త్రానికి 10,877 మంది మా సీమ జనం ఒక లెక్క ఇచ్చారు. మా మదనపల్లెలో చాలామందికి ఆ సంగతే తెలియదు.

అదే కాలంలో మద్రాసులో జరిగిన మరో పరీక్ష కూడా మనం గుర్తుంచుకోవలసిందే. 1956లో క్షయ రోగుల్లో కొందరిని శానిటోరియంలో, కొందరిని వాళ్ల ఇరుకిళ్లలోనే ఉంచి ఒకే మాత్రలు ఇచ్చారు. ఫలితం 1959లో వచ్చింది. గుడిసెలో ఉన్న రోగి, మంచి గాలిలో మంచి తిండి తిన్న రోగితో ఇంచుమించు సమానంగా బాగుపడ్డాడు. శానిటోరియంకు పోలేని కోట్ల మందికి ఆ ఒక్క లెక్క ప్రాణం పోసింది. ఆరోగ్యవరం వంటి శానిటోరియంల అవసరాన్నే అది తగ్గించింది. ఇక్కడ రుజువు ఎవరి పక్షాన నిలబడింది? పేదవాడి పక్షాన.

4

ఇప్పుడు, తర్వాత చెబుతానన్న పేచీ దగ్గరికి వస్తాను.

ఆనందయ్య మందును సమర్థించిన మిత్రుల వాదాలు మూడు. మొదటిది: అది మన ప్రజల విజ్ఞానం, దాన్ని పరీక్షించే హక్కు పాశ్చాత్య వైద్యానికి లేదు. రెండవది: వాడినవాళ్లు బాగుపడ్డారు, అంతకన్నా రుజువేముంది. మూడవది: చావులు జరుగుతుంటే పరీక్షల కోసం కూర్చోవడానికి టైము లేదు.

మొదటిదానికి జవాబు మదనపల్లెలోనే ఉంది. అక్కడ పరీక్షకు గురైంది పాశ్చాత్య టీకాయే. పరీక్ష దానికి అనుకూలంగా రాలేదు. కాబట్టి పరీక్ష ఏ దేశపు సొత్తూ కాదు, ఏ వైద్య విధానపు చుట్టమూ కాదు. మన ప్రజల విజ్ఞానమంటే మనకు నిజంగా గౌరవముంటే, దాన్ని టీకాతో సమానంగా పరీక్షకు నిలబెట్టాలి. పరీక్షకు పనికిరాదనడం గౌరవం కాదు, జాలి.

రెండవదానికి జవాబు పోలికలో ఉంది. కరోనా సోకిన నూరుమందిలో అత్యధికులు ఏ మందూ లేకుండానే కోలుకుంటారు. వాళ్లకు ఏమి ఇచ్చినా బాగుపడ్డట్టే కనిపిస్తుంది, బెల్లం ముక్క ఇచ్చినా సరే. మే నెలలో విజయవాడ, తిరుపతి ఆయుర్వేద సంస్థల ద్వారా మందు తీసుకున్న 500 మంది వివరాలు ఫోన్లో సేకరించే పని పెట్టారు. తీసుకున్నవాళ్లను అడిగారు సరే, తీసుకోనివాళ్ల మాటేమిటి? 1950లో మా పల్లెల్లో 5,808 మందిని టీకా వెయ్యకుండా ఎందుకు లెక్కలో పెట్టుకున్నారో, 71 ఏళ్ల తర్వాత మన అధికార యంత్రాంగం మరిచిపోయింది.

మూడవ వాదం అన్నిటికన్నా బలమైనదిగా కనిపిస్తుంది. నిజానికి అన్నిటికన్నా బలహీనమైనది అదే. బ్రిటన్‌లో రికవరీ పరీక్ష 2020 మార్చిలో మొదలైంది. జూన్ 16 నాటికి డెక్సామెథసోన్ ఫలితం చెప్పేసింది. మూడు నెలలు పట్టింది. వెంటిలేటరు మీదున్నవాళ్ల మరణాలను అది మూడో వంతు, ఆక్సిజన్ మీదున్నవాళ్ల మరణాలను అయిదో వంతు తగ్గించింది. అది ఏ కంపెనీకీ గుత్త హక్కు లేని పాత మందు. పుంగనూరు సంతవీధి మందుల షాపులో కూడా కొద్ది రూపాయలకు దొరికే మందు. ప్రభుత్వ ఆసుపత్రులన్నీ కలిసి చేసిన ఆ పరీక్షే లేకపోతే, ఏ కంపెనీ ఈ చవక మందుకు వకాల్తా పుచ్చుకునేది కాదు. టైము లేదన్నవాళ్లు సంవత్సరమంతా హైడ్రాక్సీక్లోరోక్విన్ మింగించారు. టైము తీసుకున్నవాళ్లు మూడు నెలల్లో ప్రాణాలు నిలిపే మందు పట్టుకున్నారు.

ఇదే కాలంలో బి.సి.జి. కూడా మళ్లీ రంగంమీదికి వచ్చిందని పాఠకులు గమనించాలి. బి.సి.జి. వేసే దేశాల్లో కరోనా తక్కువగా ఉందని 2020 వసంతంలో ఒక ఊహ బయలుదేరింది. మన పత్రికలు దాన్ని సంబరంగా అచ్చేశాయి. చిన్నప్పుడు భుజంమీద వేసిన మచ్చే మనకు రక్ష అని జనం చెప్పుకున్నారు. అందుకు రుజువు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏప్రిల్‌లోనే చెప్పింది. అనేక దేశాల్లో వైద్య సిబ్బంది మీద పరీక్ష జరిగి, ఆ టీకా కరోనాను తగ్గించలేదని 2023లో ఫలితం వచ్చింది. 1948లో మదనపల్లెలో దిగిన టీకాయే 75 ఏళ్ల తర్వాత మరో రోగం విషయంలో మళ్లీ పరీక్షకు నిలబడి, మళ్లీ తన హద్దు తెలుసుకుంది. ఈసారి దానికి ఏ ముఖ్యమంత్రీ పుస్తకం రాయవలసిన పని పడలేదు.

5

చివరగా, ఇది రచయితల పత్రిక గనుక, రచయితల మాట.

ఆ రెండేళ్లలో మన కవిత్వంలో చావు ఉంది, వలసకూలీల నడక ఉంది, శ్మశానాల పొగ ఉంది. అవి ఉండవలసినవే. ఆవులమ్మి నాలుగు సీసాలు కొన్న కొడుకు మాత్రం మన కథల్లో అరుదు. కృష్ణపట్నం వెళ్లొచ్చిన ఆడమనిషి కనిపిస్తే అమాయకురాలిగానో, అజ్ఞానిగానో కనిపించింది. ఆమె లెక్క వేసుకునే వెళ్లిందని మనకు తోచలేదు. ఆసుపత్రికి పోతే ఎంత అవుతుంది, ఇంటికి తిరిగి వచ్చే అవకాశం ఎంత, మందు ఉచితం, దారి ఖర్చు ఇంత. తనకు అందిన సమాచారంతో ఆమె వేసిన లెక్క అది. ఆమెకు అందనిది ఒక్కటే, ఏది పనిచేస్తుందో నిజాయితీగా చెప్పే మాట. ఆ మాట చెప్పవలసిన ప్రభుత్వం చెప్పలేదు. చెప్పగలిగిన డాక్టర్లలో చాలామంది చెప్పలేదు. మనమూ చెప్పలేదు.

శాస్త్రీయ దృక్పథం గురించి మనం చాలా కాలంగా మాట్లాడుతున్నాం. అదేదో జనానికి లేనిదీ, మనకు ఉన్నదీ అన్నట్టు మాట్లాడుతున్నాం. మదనపల్లె చరిత్ర చెప్పేది మరొకటి. శాస్త్రీయ దృక్పథమంటే పై వాళ్ల మాట నమ్మడమూ కాదు, కింది వాళ్ల నమ్మకాన్ని కీర్తించడమూ కాదు. ఆనందయ్య మందుకు వేసిన ప్రశ్ననే రెమ్‌డెసివిర్‌కూ వెయ్యడం. అదే ప్రశ్నను ప్రభుత్వానికీ కంపెనీకీ వెయ్యడం. జవాబు మనకు నచ్చనిదైనా 505, 499 అని అచ్చు వెయ్యడం. ఆ జవాబు ఇంగ్లీషు పత్రికల్లో పడి ఉండకుండా పుంగనూరు బస్టాండులో నిలబడిన మనిషికి తెలుగులో అందేలా చూడడం.

మంచి మందు ప్రజల హక్కు. ఏది మంచి మందో తెలుసుకోవడం అంతకన్నా ముందు హక్కు. మొదటిదాని కోసం మనం ఊరేగింపులు తీశాం. రెండవదాని కోసం ఇంకా ఎవరూ నినాదం రాయలేదు. ఆరోగ్యవరం డాక్టర్లతోబాటు చెయ్యి చాచి లెక్కలో నిలబడిన 10,877 మంది మా పల్లెల జనం ఆ పని ఎప్పుడో మొదలుపెట్టారు. మళ్లీ మహమ్మారి వచ్చే లోపల ఆ లెక్కను వాళ్ల మనవళ్లకు చెప్పడమైనా మన వంతు.